మొదటి ఆవుని కొనే ముందు: దిలీపుడి 21 రోజుల పాఠం



"ఇంట్లో ఒక పాడి ఆవుని పెట్టుకుందాం అనుకుంటున్నాం, మంచిదేనా అండీ?" ఈ మధ్య కొత్తగా పెళ్ళైన జంటలు, ఉద్యోగాల్లో కుదురుకున్న కుర్రాళ్ళు తరచుగా అడుగుతున్న ప్రశ్న ఇది. కొందరు ఊరి చివర ప్లాట్ కొని ఇల్లు కట్టుకున్నారు. కొందరికి ఊళ్ళో అమ్మానాన్నల ఇంటి వెనక ఖాళీ దొడ్డి ఉంది. పుట్టిన బిడ్డకి కల్తీ లేని పాలు పట్టాలని ఒకరికి ఆశ. గృహప్రవేశం రోజు ఆవు, దూడ గుమ్మం దాటి లోపలికి వచ్చిన ఆ నిమిషం మనసులో నిలిచిపోయి, అలాంటి తల్లి రోజూ మన ఇంట్లో ఉంటే ఎంత బాగుంటుంది అని ఇంకొకరికి కోరిక.

ఈ కోరికలన్నీ మంచివే. ఆవు మంచిదా కాదా అన్నదాంట్లో మనకి సందేహం లేదు. ఆ ఆవుకి మన ఇల్లు మంచిదా? ఈ ప్రశ్న వేసుకున్నవాళ్ళు తక్కువ. ఈరోజు పాఠంలో ఒక కథ, ఒక లెక్క, ఒక పరీక్ష ఉన్నాయి. మూడూ అయ్యాక మీ జవాబు మీకే తెలుస్తుంది.

దిలీపుడు ఏం చేశాడు?

కాళిదాసు రఘువంశం మొదటి రెండు సర్గల్లో ఈ కథ ఉంది. దిలీప మహారాజుకి సంతానం లేదు. భార్య సుదక్షిణతో కలిసి వసిష్ఠ మహర్షి ఆశ్రమానికి వెళ్ళాడు. మహర్షి కారణం చెప్పాడు. ఒకప్పుడు స్వర్గం నుంచి తిరిగి వస్తూ, ఇంటికి చేరాలన్న తొందరలో దిలీపుడు దారిలో ఉన్న కామధేనువుకి ప్రదక్షిణ చెయ్యకుండా వచ్చేశాడు. అందుకు శాపం తగిలింది. దానికి మందు ఏమిటంటే, ఆ కామధేనువు కూతురు నందినికి సేవ చెయ్యడం. నందిని వసిష్ఠుడి ఆశ్రమంలో ఉండే ఆవు.

అప్పుడు చక్రవర్తి నౌకర్లని పురమాయించలేదు. తనే నందిని వెంట అడవికి వెళ్ళాడు. అది నిలబడితే నిలబడ్డాడు, కూర్చుంటే కూర్చున్నాడు, నీళ్ళు తాగాకే తనూ తాగాడు. రుచైన గడ్డి కోసి నోటికి అందించాడు, ఒళ్ళు గోకాడు, ఈగల్ని తోలాడు. సుదక్షిణ పొద్దున పూజ చేసి ఆశ్రమం పొలిమేర దాకా సాగనంపేది, సాయంత్రం ఎదురెళ్ళేది. ఇలా 21 రోజులు గడిచాయి. ఆ మర్నాడు ఒక సింహం నందిని మీద పడితే, ఆవు బదులు తన శరీరాన్ని తినమని దిలీపుడు సింహం ముందు తల వంచాడు. అదంతా నందిని పెట్టిన పరీక్ష. సంతోషించి, నా పాలు పితుక్కుని తాగు, కొడుకు పుడతాడు అంది.

ఇక్కడ చాలామంది దాటేసే మాట ఒకటుంది. దిలీపుడు వెంటనే చేతులు చాపలేదు. దూడ తాగాక, హోమానికి కావాల్సినవి తీశాక, మిగిలిన పాలు మహర్షి అనుమతితో తాగుతాను అన్నాడు.

మన విషయానికి ఈ కథలోంచి మూడు సంగతులు పట్టుకుందాం. ఒకటి, ఆ ఆవు దిలీపుడిది కాదు, గురువుగారిది. సేవ చెయ్యడానికి సొంత ఆవు అవసరం రాలేదు. రెండు, ఇంట్లో ఇద్దరూ చేశారు. మూడు, దూడ తాగాక మిగిలిందే తనది అనుకున్నాడు. ఈ మూడో మాటే మన లెక్కకి మొదటి మెట్టు.

పాలు ఎప్పుడు వస్తాయి, ఎప్పుడు రావు?

సిటీలో పెరిగిన మనకి తెలియని చిన్న నిజం: ఆవు ఈనితేనే పాలు. ట్యాపు తిప్పినట్టు ఏడాది పొడవునా రావు.

ఈనిన ఆవు సుమారు 10 నెలలు పాలిస్తుంది. ఆ మధ్యలోనే, ఈనిన రెండు మూడు నెలలకి, మళ్ళీ ఎదకి వస్తుంది. ఎద సుమారు 21 రోజులకి ఒకసారి వస్తుంది, 12 నుంచి 18 గంటలు మాత్రమే ఉంటుంది. ఆ లక్షణాలు పొద్దున కనిపిస్తే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మర్నాడు పొద్దున సూది వేయించాలి, లేదా ఆబోతు దగ్గరికి తీసుకెళ్ళాలి. ఆరోజు మీకు ఆఫీసు మీటింగ్ ఉండి గమనించకపోతే, ఇంకో 21 రోజులు ఆగాల్సిందే. ఇలా తప్పుతూ పోతే పాలు తగ్గిపోతాయి, ఆవు చూడి కాకుండానే వట్టిపోయే ప్రమాదం ఉంది.

చూడి కట్టాక సుమారు 280 రోజులు, అంటే తొమ్మిది నెలల పది రోజులు మోస్తుంది. ఈనడానికి రెండు నెలల ముందు పాలు తియ్యడం ఆపెయ్యాలి. ఆ విశ్రాంతి ఇస్తేనే పొదుగు కోలుకుంటుంది, కడుపులో దూడ బాగా పెరుగుతుంది. ఆ రెండు నెలలూ మీ ఇంటికి పాల ప్యాకెట్టే. మేత ఖర్చు మాత్రం ఆగదు.

ఈనాక మొదటి రోజుల జున్నుపాలు దూడ హక్కు. పుట్టిన గంట రెండు గంటల్లోపు అవి కడుపులో పడాలి. దూడకి రోగాలని తట్టుకునే శక్తి వాటితోనే వస్తుంది. జున్ను వండుకోవడం దూడ కడుపు నిండాకే. తర్వాత కూడా మొదటి రెండు నెలలు, దూడ బరువులో పదో వంతు పాలు రోజూ దానికి వదలాలి. 22 కిలోల దూడ అయితే రెండు లీటర్ల పైమాటే. రోజుకి నాలుగు లీటర్లిచ్చే నాటు ఆవు అనుకోండి, మీకు మిగిలేది రెండు లీటర్ల లోపే. నందిని కథలో దిలీపుడు చెప్పింది ఇదే కదా.

ఇప్పుడు డబ్బు లెక్క

మధ్యస్థమైన ఒక ఆవుని తీసుకుందాం. ఈనిన కొత్తలో 6 లీటర్లు, పోనుపోను తగ్గి, 300 రోజుల సగటు రోజుకి 4.5 లీటర్లు. ధరలు నేను ఉజ్జాయింపుగా వేస్తున్నాను. మీ ఊరి ధరలు పెట్టి మళ్ళీ వేసుకోండి.

దాణా: ఆవు ఒంటికి 1.5 కిలో, ప్రతి 2.5 లీటర్ల పాలకి ఇంకో కిలో. మన సగటుకి 3.3 కిలోలు. కిలో 30 రూపాయలు అనుకుంటే దాదాపు 100 రూపాయలు.

ఎండుగడ్డి 6 కిలోలు, కిలో 10 చొప్పున 60 రూపాయలు. పచ్చిగడ్డి 20 కిలోలు, కిలో 3 చొప్పున 60 రూపాయలు.

రోజుకి 220. 300 రోజులకి 66,000 రూపాయలు. వట్టిపోయిన 65 రోజులకి దాణా తగ్గుతుంది కానీ చూడి ఆవు కాబట్టి ఆపలేం. రోజుకి 195 వేసినా దాదాపు 12,700. మొత్తం ఏడాదికి 78,700 రూపాయలు.

పాలు 300 రోజుల్లో 1,350 లీటర్లు. భాగిస్తే లీటరు 58 రూపాయలు పడింది. ఇందులో ఆవు ధర లేదు, కొట్టం కట్టిన ఖర్చు లేదు, డాక్టరు లేడు, మందుల్లేవు, దూడ తాగిన వాటా తియ్యలేదు, మీ కష్టానికి కూలి లేదు. ఇంటికి రెండు లీటర్లు ఉంచుకుని మిగతావి అమ్మాలంటే పొద్దున్నే పోసేవాళ్ళు, పోయించుకునేవాళ్ళు కుదరాలి.

సొంతంగా పదిహేను ఇరవై సెంట్ల నీటి వసతి ఉన్న నేలలో సూపర్ నేపియర్ లాంటి గడ్డి వేసుకుంటే ఖర్చు బాగా తగ్గుతుంది. వరి పండించే ఇల్లయితే ఎండుగడ్డి కూడా ఇంటిదే. ఊళ్ళో ఆవు గిట్టుబాటు కావడానికి, సిటీ అంచున కాకపోవడానికి ముఖ్య కారణం ఇదే. కాబట్టి పాలు చౌకగా వస్తాయని మాత్రం ఆవుని కొనకండి. చౌక కోసం కొన్న ఆవు మీద, లెక్క తప్పిన రోజు కోపం వస్తుంది. ఆ కోపం మోసేది నోరు లేని ప్రాణి.

పేడ ఎత్తేది ఎవరు?

ఇది కొంచెం మొహమాటం లేకుండా మాట్లాడుకోవాల్సిన విషయం. చాలా ఇళ్ళల్లో సంకల్పం చెప్పుకునేది అబ్బాయి, డబ్బు కట్టేది నాన్న, పొద్దున ఐదింటికి లేచేది మాత్రం అమ్మ. లేకపోతే కొత్తగా వచ్చిన కోడలు. వాళ్ళని అడిగారా?

ఆవు రోజుకి పది పదిహేను కిలోల పేడ వేస్తుంది. నెలకి మూడు నాలుగు వందల కిలోలు. రోజుకి 40 నుంచి 60 లీటర్ల నీళ్ళు తాగుతుంది, ఎండాకాలం ఇంకా ఎక్కువ. పొద్దున, సాయంత్రం ఒకే వేళకి పితకాలి. వేళ తప్పిస్తే పాలు తగ్గుతాయి, పొదుగులో పాలు నిలిచిపోతే పొదుగువాపు వచ్చే ప్రమాదం ఉంది. పెళ్ళిళ్ళకి వెళ్ళాలన్నా, తిరుమల వెళ్ళాలన్నా, ఆ రెండు రోజులు ఆవుని చూసుకునే మనిషి కుదిరాకే టికెట్లు బుక్ చేసుకోవాలి.

స్థలం సంగతి. కప్పు కింద కనీసం 40 చదరపు అడుగులు, తిరగడానికి బయట ఇంకో 80 చదరపు అడుగులు ఒక్క ఆవుకే కావాలి. దూడకి వేరే. నేల నున్నటి టైల్స్ అయితే కాలు జారి నడుము విరుగుతుంది. గరుకు సిమెంటో ఇటుకలో వేసి, మూత్రం నిలవకుండా వాలు పెట్టాలి. నగరపాలక సంస్థ పరిధిలో ఉంటే పశువుల్ని పెంచడానికి అనుమతి కావాలేమో ముందే కనుక్కోండి. ఈగలు, దోమలు, వాసన పక్కింటివాళ్ళకీ వెళ్తాయి కాబట్టి వాళ్ళతో కూడా ఒక మాట అనండి.

కోడెదూడ పుడితే?

ఈ ప్రశ్నకి జవాబు లేకుండా ఆవుని కొనకూడదు.

ప్రతి ఈతలో కోడెదూడ పుట్టే అవకాశం సగం. ఆడదూడలే ఎక్కువ పుట్టేలా వేరు చేసిన వీర్యం ఇప్పుడు దొరుకుతోంది, దాంతో పదింట తొమ్మిది పెయ్యదూడలే. అయినా ఆ పదోది పుడుతుంది. ఒకప్పుడు కోడె పుడితే అరకకి, బండికి పనికొచ్చేదని రైతు సంబరపడేవాడు. ట్రాక్టరు వచ్చాక ఆ పని పోయింది. మీరు దాన్ని ఎక్కడ ఉంచుతారు? "ఎవరికో ఇచ్చేస్తాం" అంటే, ఆ ఎవరో ఏం చేస్తారు?

పెయ్యే పుట్టిందనుకుందాం. అది పెరిగి ఆవు అవుతుంది, అదీ ఈనుతుంది. ఒక్క ఆవుతో మొదలైన ఇంట్లో ఐదేళ్ళకి నాలుగైదు తలలు ఉండడం మామూలే. అసలు ఆవు 15 నుంచి 20 ఏళ్ళు బతకగలదు. పాలిచ్చేది అందులో కొన్నేళ్ళే. చివరి ఐదారేళ్ళు మీరే తనకి పెట్టాలి. గోమాత అని పిలిచాక వట్టిపోయిన రోజు సంతకి తోలితే ఆ పిలుపుకి అర్థం లేదు. కారుకి ఈఎంఐ ఐదేళ్ళు. ఆవుకి మాట ఇస్తే ఇరవై ఏళ్ళు.

భయపెట్టడానికి చెప్పట్లేదండీ. ఈ ప్రశ్నకి "మా పెదనాన్నకి పొలం ఉంది, కోడెల్ని ఆయన పెట్టుకుంటారు, మాట అయిపోయింది" అని చెప్పగలిగిన ఇల్లు కూడా ఉంటుంది. అలాంటి ఇంటికి ఆవు నిజంగా లక్ష్మి.

21 రోజుల పరీక్ష

కొనే ముందు దిలీపుడు చేసినట్టే చెయ్యండి. మీది కాని ఆవుకి 21 రోజులు సేవ చెయ్యండి.

మీకు దగ్గర్లో ఉన్న గోశాలకో, ఊళ్ళో పాడి ఉన్న మేనమామ ఇంటికో వెళ్ళండి. ఒక్క ఆదివారం వెళ్ళి సెల్ఫీ దిగి రావడం కాదు, వరసగా 21 రోజులు. పొద్దున పితికే వేళకి అక్కడ ఉండాలి. పేడ ఎత్తాలి, కొట్టం కడగాలి, గడ్డి వెయ్యాలి, తొట్టి నింపాలి, పితకడం నేర్చుకోవాలి. ఇంట్లో కనీసం ఇద్దరు చెయ్యాలి. ఊరు దూరమైతే సెలవు పెట్టో, వర్క్ ఫ్రమ్ హోమ్ తీసుకునో అక్కడే ఉండండి.

చిన్న పుస్తకంలో రోజూ మూడు విషయాలు రాయండి. ఈరోజు ఎన్నింటికి లేచాను? ఎవరు రాలేకపోయారు, బదులు ఎవరు చేశారు? ఆవులో కొత్తగా ఏం గమనించాను?

ఎద చక్రం కూడా 21 రోజులే అని చెప్పుకున్నాం కదా. ఆ కొట్టంలో చూడి కాని ఆవు ఉంటే, ఈ 21 రోజుల్లో అది ఎదకి రావడం మీ కళ్ళతో చూసే అవకాశం ఉంది. అరుపు ఎలా మారింది, మేత ఎలా తగ్గింది, తీగలు ఎలా వేసింది, ఇవన్నీ పుస్తకం చదివితే రావు.

21 రోజులయ్యాక ఇంట్లో అందరూ కూర్చుని ఆ పుస్తకం చదవండి. పేజీలన్నీ ఒక్కరి పేరుతోనే ఉంటే, ఇప్పుడే కొనకండి. ఇద్దరి ముగ్గురి పేర్లు ఉండి, చివరి రోజు వదిలి రావడానికి మనసొప్పకపోతే, ముందుకి వెళ్ళండి.

కొనాలనే తేలితే

మొదటిసారి కొనేవాళ్ళకి రెండో ఈతలో, దూడతో ఉన్న ఆవు మంచిది. తొలిచూలు ఆవుకీ పితకడం కొత్తే, మీకూ కొత్తే. ఇద్దరూ ఇబ్బంది పడతారు. దళారి మాట మీద కాకుండా, పొద్దున, సాయంత్రం రెండు పూటలూ మీ ఎదురుగా పితికించి చూడండి. వీలైతే మీరే పితకండి. నాలుగు చన్నుల్లోంచీ పాలు సమానంగా రావాలి. గడ్డలు, రక్తం, నీళ్ళలాంటి పాలు ఉండకూడదు. దూడని వదిలితే చేపే ఆవేనా, ఇంజక్షన్ ఇస్తే తప్ప చేపని ఆవా అన్నది తప్పకుండా చూడండి. పళ్ళు చూసి వయసు చెప్పించుకోండి.

పశువైద్యుడితో బ్రూసెల్లోసిస్, క్షయ పరీక్షలు చేయించాకే డబ్బు ఇవ్వండి. ఈ రెండూ పాల ద్వారా మనుషులకి అంటే జబ్బులు. అందుకే ఎంత సొంత ఆవు పాలైనా మరిగించే తాగాలి. చెవికి 12 అంకెల ట్యాగు ఉందో లేదో చూడండి, బీమాకి అది కావాలి. గాలికుంటు టీకా ఏడాదికి రెండుసార్లు, గొంతువాపు, జబ్బవాపు టీకాలు వానాకాలం ముందు వేయించాలి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 1962కి ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం సాయం దొరుకుతుంది. ఈ నంబరు కొట్టం గోడ మీద పెద్ద అక్షరాలతో రాసిపెట్టుకోండి.

జాతి గురించి అందరూ అడుగుతారు. ఇప్పుడు వీడియోల్లో పుంగనూరు ఆవులు బాగా కనిపిస్తున్నాయి. పుంగనూరు ప్రాంతపు ఈ పొట్టి ఆవు మూడడుగుల లోపే ఉంటుంది, తక్కువ మేతతో బతుకుతుంది, పాలు కూడా తక్కువే. ముద్దుగా ఉందని లక్షలు పోసే ముందు అది నిజమైన పుంగనూరేనా అని తెలిసినవాళ్ళతో చూపించండి. ఒంగోలు గంభీరమైన జాతి, ఎండని తట్టుకుంటుంది, కానీ పశువులతో అలవాటు లేని చేతికి మొదటి ఆవుగా బరువే. గిర్, సాహివాల్ పాలు బాగా ఇస్తాయి. జెర్సీ సంకర ఆవులు ఇంకా ఎక్కువ ఇస్తాయి, మేత, నీడ, చల్లదనం అంతకంత అడుగుతాయి. మీ ఊరి చుట్టుపక్కల ఎక్కువగా ఏ ఆవులు ఆరోగ్యంగా ఉన్నాయో అదే తీసుకోవడం మేలు. డాక్టరుకి, పొరుగు రైతుకి వాటి సంగతి తెలిసి ఉంటుంది.

ఇంకొక మాట, ఇది భక్తులకి ప్రత్యేకంగా. ఆవుకి పుణ్యం అని బకెట్ల కొద్దీ అన్నం, బియ్యం, రొట్టెలు పెట్టకండి. ఒక్కసారిగా ఎక్కువ పిండిపదార్థం పడితే పొట్టలో ఆమ్లం పెరిగి ప్రాణానికే ముప్పు వస్తుంది. పండగ పూట నైవేద్యం ఒక ముద్ద చాలు. కడుపు నింపాల్సింది గడ్డి. ప్లాస్టిక్ కవరుతో సహా ఏదీ వెయ్యకండి.

వద్దని తేలితే

అప్పుడు ఓడిపోయినట్టు అనుకోకండి. దిలీపుడికి వరం వచ్చింది సొంత ఆవు వల్ల కాదు. మీరు 21 రోజులు వెళ్ళిన ఆ కొట్టంలోనే ఒక వట్టిపోయిన ఆవు మేత ఖర్చు నెలనెలా మీరు భరించండి. పైన లెక్క ప్రకారం చూడి కాని ఆవుకి నెలకి ఐదు వేల లోపే అవుతుంది. లేదా పాడి ఉన్న రైతు దగ్గర, ఆయన చెప్పిన ధరకి, బేరం ఆడకుండా పాలు పోయించుకోండి. వారానికి ఒకరోజు పిల్లల్ని తీసుకెళ్ళి పేడ ఎత్తించండి. పాలు ప్యాకెట్లో పుడతాయి అనుకునే పిల్లాడు, దూడ తాగేదాకా గ్లాసు పట్టుకుని ఆగడం నేర్చుకుంటే, అంతకన్నా పెద్ద గోసేవ పాఠం ఏముంది?

ఈ వారం చెయ్యాల్సిన పని ఒక్కటే. ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి మూడు ప్రశ్నలు అడగండి. పొద్దున ఐదింటికి ఎవరు లేస్తారు? కోడెదూడ పుడితే ఎక్కడ ఉంటుంది? పాలు ఆగిపోయాక ఎవరు పెడతారు? మూడింటికీ మనుషుల పేర్లు జవాబుగా వస్తే, మంచి రోజు చూసి 21 రోజుల సేవ మొదలుపెట్టండి.

శుభం.